గైడు గారి పేరు మీద 140 పేపర్లు: బయోసెన్సర్ల పని గట్టిదో కాదో ఎలా చూడాలి?

ప్రొద్దుటూరు అబ్బాయి – ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. తిరుపతిలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ పూర్తిచేసి నెల రోజుల క్రితం బెంగళూరు వచ్చాను. మత్తికెరెలో మా అక్కాబావల ఇంట్లో ఉంటున్నాను. ఈ ఊళ్లోనే ఒక ప్రొఫెసర్ గారి దగ్గర పీహెచ్‌డీ సీటుకు గురువారం ఇంటర్వ్యూ ఉంది. ఆవిడ పని అంతా బంగారు నానోకణాలు, గ్రాఫీన్ (ఒకే అణువు మందం ఉండే కార్బన్ పొర) లాంటి వాటితో బయోసెన్సర్లు, అంటే రక్తం లాంటి వాటిలో ఒక పదార్థం ఎంత ఉందో చెప్పే పరికరాలు చేయడం. రక్తంలో చక్కెర, గుండెపోటు వచ్చినప్పుడు పెరిగే ట్రోపోనిన్, ఇంకా చాలా. ఆవిడ పేరు మీద 140 పేపర్లు ఉన్నాయి. వాటిలో 31 వీధి చివరి జిరాక్సు దుకాణంలో ప్రింటు తీయించి చదివాను. ఇప్పుడు నేను గుమ్మం ఎక్కుతుండగానే ఆ దుకాణదారు కొత్త కాగితాల కట్ట విప్పుతున్నాడు.

చదివిన కొద్దీ గౌరవం పెరగాలి కదా, నాకు అనుమానం పెరుగుతోంది. పాత పేపర్లలో సెన్సర్ గుర్తింపు పరిమితి, అంటే అది పట్టుకోగల అతి తక్కువ గాఢత, నానోమోలార్. కొన్నేళ్ల తర్వాత పికోమోలార్. ఈమధ్య వాటిలో ఫెమ్టోమోలార్. మెట్టు మెట్టుకు వెయ్యి రెట్లు మెరుగన్న మాట. ఇంత సూక్ష్మంగా పసిగట్టేవి ఇన్ని ఉంటే, మా అమ్మ ఇప్పటికీ పొద్దున్నే వేలు పొడుచుకుని ఆ పాత పట్టీ మీదే చక్కెర ఎందుకు చూసుకుంటోంది?

ఇంకొకటి. ప్రతి పేపరు చివర నిజమైన నమూనాల్లో పరీక్షించాం అంటూ ఒక చిన్న పట్టిక ఉంటుంది. మూడు నమూనాలు, కలిపిన దాంట్లో 98 శాతం, 101 శాతం, 99 శాతం దొరికింది అని. మా ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో ఒక్కసారి కూడా నాకు అంత చక్కగా రాలేదు. లోపం నా చేతిలో ఉందా, ఆ పట్టికలో ఉందా?

మాది బంగారు పని చేసే ఇల్లు. నాన్న నలభై ఏళ్లుగా కుంపటి ముందు కూర్చున్న మనిషి. నానోకణాలుగా మారితే బంగారం ఎర్రగా ఉంటుందని ఫోనులో చెప్పాను. "రాగి ఎక్కువ కలిపి ఉంటారు" అని తేల్చేశారు. ఆయనకు ఎలాగో నచ్చజెప్పుకుంటాను. ఆవిడ పని ఎలాంటిదో తెలియాలంటే పేపర్లలో ఏం చూడాలి? ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం అడిగితే ఆవిడ తప్పుగా అనుకోరు?

లెక్కల మనిషి – ఆదివారం రాత్రి

ఇంత ఆలోచన ఎందుకు? హెచ్-ఇండెక్స్ చూడండి. 40 అంటే కనీసం 40 సార్లు ఉదహరించబడిన పేపర్లు 40 ఉన్నాయని అర్థం. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన కొలత ఇది, ప్రపంచమంతా వాడుతోంది. అంకె బాగుంటే చేరిపోండి. మీ పేరు మీద కూడా అయిదేళ్లలో పది పేపర్లు వస్తాయి. ఆ తర్వాత విదేశంలో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం. అమ్మగారి వేలి సంగతి అప్పుడు చూడవచ్చు.

పట్టీలక్క – సోమవారం ఉదయం

తమ్ముడూ, పైన ఆయన చెప్పిన అంకె అబద్ధం కాదు. కానీ ఒక ల్యాబులో జనం ఎంతమంది, ఆ రంగంలో ఎంత సందడి ఉంది అన్నవి కూడా ఆ అంకెలోకి వచ్చి కూర్చుంటాయి. నేను చెన్నైలో ఇదే పని మీద పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు బెంగళూరు తుమకూరు రోడ్డు వైపు పరీక్ష పట్టీలు తయారుచేసే చోట ఉద్యోగం చేస్తున్నాను. అంటే పేపరు రాసే బల్ల దగ్గరా కూర్చున్నాను, పట్టీ డబ్బాకు మూత బిగించే బల్ల దగ్గరా కూర్చున్నాను. ఈ రెండు బల్లల మధ్య ఎంత దూరమో నా మోకాళ్లకు తెలుసు.

ముందు మీ ఫెమ్టోమోలార్ సంగతి. కాగితం మీద చిన్న లెక్క వేసి చూడండి. ఒక మైక్రోలీటరు చుక్కలో ఒక ఫెమ్టోమోలార్ ద్రావణం ఉంటే అందులో మనకు కావలసిన అణువులు సుమారు 600 మాత్రమే. అదే అట్టోమోలార్ (ఫెమ్టోమోలార్‌లో వెయ్యో వంతు) అయితే ఆ చుక్కలో ఒక్క అణువు కూడా ఉండకపోవచ్చు. లేని దాన్ని సెన్సర్ ఎలా పట్టుకుంది? కాబట్టి పరిమితి కనిపించగానే పక్కనే ఎంత పరిమాణం నమూనా తీసుకున్నారో వెతకండి. ఆ పరిమితి చాలా సార్లు సూత్రం నుంచి వస్తుంది. ఖాళీ నమూనాను పదే పదే కొలిచి, ఆ ఊగిసలాటకు మూడు రెట్లు తీసుకుని, మోతాదుకు సంకేతం ఎంత పెరుగుతుందో చూపే గీత వాలుతో భాగిస్తారు. ఖాళీ నమూనా నిమ్మళంగా ఉంటే చాలు, అంకె ఎంత కిందికైనా దిగుతుంది. ఆ మోతాదులో నిజంగా ఒక్క నమూనానైనా కొలిచారా అన్నది చూడాలి.

ఇక చక్కెర. పరగడుపున రక్తంలో చక్కెర 90 అంటారు కదా, అది దాదాపు 5 మిల్లీమోలార్. అంటే ఒక నానోమోలార్‌కు 50 లక్షల రెట్లు. రక్తంలో చక్కెర కోసం నానోమోలార్ సెన్సర్ చేయడమంటే, మీ నాన్నగారు గురిగింజ ఎత్తు తూచే త్రాసులో వడ్ల బస్తా పెట్టడమే. అమ్మగారి మీటరుకు కావలసింది సూక్ష్మత కాదు, నిలకడ. ఆ మీటర్లకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. కనీసం 100 మంది రక్తంతో సరిపోల్చాలి. చక్కెర 100 దాటినప్పుడు నూటికి 95 ఫలితాలు అసలు విలువకు 15 శాతం లోపు ఉండాలి. ఇంటర్వ్యూకి వెళ్లే లోపు ఆ 31 పేపర్లలో 100 మందితో పోల్చినది ఒక్కటైనా ఉందేమో వెతకండి. ట్రోపోనిన్ కథ వేరు. అక్కడ గుండె బాగున్నవారికి, బాగాలేనివారికి మధ్య గీత లీటరుకు 14 నానోగ్రాముల దగ్గర గీసే పరీక్షలున్నాయి. అక్కడ పరిమితి నిజంగా తక్కువ ఉండాలి, ఆ పోటీకి అర్థముంది. మీ మేడమ్ ఏ జబ్బుకు ఎంత పరిమితి కావాలో ముందు చెప్పి తర్వాత సెన్సర్ చేశారా, సెన్సర్ చేసి తర్వాత జబ్బు వెతికారా? పేపరు మొదటి పేజీ జాగ్రత్తగా చదివితే తెలిసిపోతుంది.

ఆ చివరి పట్టిక గురించి. మీ ఇంట్లో గీటురాయి ఉంటుంది కదా. టంచు (బంగారం స్వచ్ఛత) తెలిసిన మచ్చు ఒకటి గీస్తారు, దాని పక్కన తెలియని నగ గీస్తారు, రెంటి మీదా ఆమ్లం చుక్క వేసి పోలుస్తారు. మేం క్యాలిబ్రేషన్ అని పెద్ద పేరు పెట్టి చేసేది అదే. ఇప్పుడు ఎవరైనా తానే కరిగించి తానే చేసిన ఉంగరాన్ని గీసి, "చూశారా, సరిగ్గా 22 క్యారెట్లు" అంటే మీ నాన్నగారు ఏమంటారు? సీరంను (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం) వందల రెట్లు పలుచన చేసి, తెలిసినంత పదార్థం కలిపి, కలిపినంతే దొరికిందని చెప్పడం అలాంటిదే. తప్పని అనను, మొదటి మెట్టు అది. అక్కడే ఆగిపోతే మాత్రం అది గీటురాయి కాదు.

నా కథ చెబుతాను, సిగ్గేమీ లేదు. నా థీసిస్‌లో ఎర్ర బంగారు ద్రవం ఉండేది. దాని కణాల మీద ఒక డీఎన్ఏ పోగు చుట్టి ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు పెరిగే ఒక ప్రోటీన్ ఎదురైతే ఆ పోగు దాన్ని అంటిపెట్టుకుని వెళ్లిపోతుంది. కణం బోసిపోతుంది. అప్పుడు కాస్త ఉప్పు వేస్తే కణాలు గుంపు కట్టి ద్రవం నీలంగా మారుతుంది. బఫర్‌లో, అంటే ల్యాబులో కలుపుకున్న శుభ్రమైన ద్రావణంలో, ఎంత ముచ్చటగా మారేదో! రెండు పేపర్లు వచ్చాయి. మూడో ఏడు ఒక ఆసుపత్రి ల్యాబులో మిగిలిన సీరం ఇచ్చారు. పోశాను. ఎరుపు. జబ్బున్నవారిదీ ఎరుపే, లేనివారిదీ ఎరుపే. మూడు వారాలు ఉప్పు పెంచుకుంటూ పోయాను. చివరికి తెలిసింది: సీరంలో ఆల్బుమిన్ లీటరుకు 40 గ్రాముల దాకా ఉంటుంది, అది క్షణాల్లో కణం చుట్టూ పొరగా పట్టేస్తుంది. దాన్నే ప్రోటీన్ కరోనా అంటారు. ఆ పొర కణాలను కాపాడుతుంటే ఎంత ఉప్పు వేసినా గుంపు కట్టవు. అలా రోగి రక్తమే నా పరీక్షను అడ్డుకుంది. ఆ అధ్యాయం థీసిస్‌లో 4 పేజీలు. పేపరుగా పంపితే కొత్తదనం లేదని తిరిగి వచ్చింది. ఇప్పటికీ నా పనిలో నాకు ఉపయోగపడేది ఆ 4 పేజీలే.

మెడికల్ షాపులో దొరికే గర్భ నిర్ధారణ పట్టీ మీది ఎర్ర గీత కూడా బంగారు నానోకణాలదేనని మీ నాన్నగారికి చెప్పండి. అది ఇన్నేళ్లుగా నిలబడడానికి ఒక కారణం మూత్రంలో ప్రోటీన్ తక్కువ. రక్తం అంత మర్యాదస్తురాలు కాదు.

పదార్థాల పేర్లు చూసి బెదరకండి. ఒక ఏడు గ్రాఫీన్, మరో ఏడు మాక్సీన్, ఇంకో ఏడు మరొకటి. చాలా చోట్ల లోపలి సెన్సర్ అదే, పండగకు చీర మారిందంతే. 2020లో ప్రాగ్‌లోని మార్టిన్ పుమెరా బృందం ఈ సరదా మీద విసిగి గ్రాఫీన్‌లో పక్షి రెట్ట కలిపి చూసింది. ఉత్త గ్రాఫీన్ కంటే అదే మెరుగైన ఉత్ప్రేరకమని కొలతలతో సహా మంచి పత్రికలో అచ్చు వేయించింది! కాబట్టి కొత్త పదార్థం లేకుండా అదే సెన్సర్‌ను కొలిచిన పోలిక పేపరులో ఉందా అని చూడండి. ఉంటే ఆ ల్యాబులో ఎవరికో నిజాయితీ ఉందని అర్థం.

పెరంబూరు ల్యాబు – సోమవారం మధ్యాహ్నం

బాబూ, నేను పరిశోధకుడిని కాను. నెల్లూరు వాడిని, చెన్నైలో ఒక ఆసుపత్రి ల్యాబులో 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి సూళ్లూరుపేట నుంచి, నాయుడుపేట నుంచి కూడా పొద్దున్నే రైలెక్కి వస్తారు. పరగడుపున రమ్మంటే దారిలో రెండు ఇడ్లీలే తిన్నామంటారు. ఆ ఇడ్లీల వెంట వడ కూడా ఉందని సీరం పాలలా కనిపించినప్పుడు తెలుస్తుంది.

పట్టీలక్క గారు అన్నీ చెప్పారు, నేను రెండు మాటలు కలుపుతాను. మామూలు గొట్టంలో తీసిన రక్తాన్ని అలా వదిలేస్తే అందులోని కణాలే చక్కెరను తినేస్తుంటాయి. గది వేడిమిలో గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. అందుకే ఫ్లోరైడ్ వేసిన బూడిదరంగు మూత గొట్టంలో తీస్తాం. అది కూడా మొదటి గంట రెండు గంటలు పూర్తిగా ఆపలేదు. ఒకసారి ఒక పరిశోధక విద్యార్థి మా దగ్గర మిగిలిన నమూనాలు తీసుకెళ్లి, మీ యంత్రం తప్పు చూపిస్తోందని నాలుగు రోజులకు వచ్చాడు. ఎప్పుడు తీసిన రక్తమో గొట్టం మీదే రాసి ఉంది, చూడలేదు.

ఇంకోటి, సూది గుచ్చడంలో తేడా వచ్చి ఎర్రకణాలు పగిలితే సీరం ఎర్రబడుతుంది. ఎరుపూ నీలమూ చూసి చెప్పే పరీక్షలకు అది పెద్ద దెబ్బ. హిమోగ్లోబిన్ పీల్చుకునే కాంతి, మీ బంగారం పీల్చుకునే కాంతి పక్కపక్కనే ఉంటాయి. రక్తహీనత ఉన్నవారికి చాలా పట్టీ మీటర్లు చక్కెర ఎక్కువ చూపిస్తాయి. మా దగ్గర గర్భిణుల్లో ఇది రోజూ చూసేదే. మేడమ్ గారిని ఒక్కటే అడుగు: నమూనా ఎవరు తీశారు, తీసిన ఎంతసేపటికి కొలిచారు? జవాబు వెంటనే వస్తే ఆవిడ ఆసుపత్రి మెట్లు ఎక్కిన మనిషే.

కాంతిపిచ్చి – సోమవారం రాత్రి

పట్టీలక్క గారి మాటల్లో సగానికి నేను ఒప్పుకోను. ప్రతి పేపరూ రోగి చుక్క రక్తం దగ్గర మొదలవ్వాలంటే ఈ రంగమే పుట్టేది కాదు. ఫారడే 1857లో ఎర్రటి బంగారు ద్రవం చేసినప్పుడు ఏ రోగిని చూశారు? ఆ సీసాలు ఇప్పటికీ లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉన్నాయి. టర్కెవిచ్ 1951లో సిట్రేట్ వేసి మరిగించి కణాల పరిమాణం ఎలా పట్టులో పెట్టాలో చూపించారు. మీ పట్టీల మీద గీత అక్కడి నుంచి వచ్చిందే. మన విశాఖలో చదువుకున్న సి.వి.రామన్ 1928లో కాంతి చెదరడంలో రంగు మార్పు చూశారు. ఆ సంకేతం చాలా బలహీనం. 1974లో గరుకు చేసిన వెండి మీద అది బలంగా కనబడడం ఫ్లైష్‌మన్ బృందం గమనించింది. ఇప్పుడు బంగారం, వెండి నానోకణాల మీద అదే కిటుకుతో అణువులను గుర్తుపడుతున్నారు. 1933లో రామన్ డైరెక్టరుగా బెంగళూరు వచ్చిన భారతీయ విజ్ఞాన సంస్థ గోడ మీ మత్తికెరె నుంచి నడిచిపోయే దూరంలోనే ఉంది. క్లార్క్ 1962లో గ్లూకోజ్ ఎలక్ట్రోడు ఆలోచన చెప్పారు. చక్కెర మీటరు ఇంటింటికీ చేరడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది.

కణం చుట్టూ కాంతి ఎలా ప్రవర్తిస్తుందో శుభ్రమైన నీళ్లలో చూసే పేపరు కూడా మంచి పేపరే. దాని పేరు చివర "రోగ నిర్ధారణ కోసం" అని తగిలించకపోతే చాలు.

పట్టీలక్క – సోమవారం రాత్రి

ఆ చివరి వాక్యం ముందే చెప్పి ఉంటే గొడవే లేదు కదండీ! నా కోపమంతా ఆ తగిలింపు మీదే. ఫారడే తన సీసా మీద మధుమేహం అని రాయలేదు.

తమ్ముడూ, ఒకటి మరిచాను. పేపర్లలో మొదటి పేరున్న విద్యార్థులు ఇప్పుడు ఎక్కడున్నారో చూడండి. వాళ్లలో ఇద్దరికి ఉత్తరం రాయండి. పేపర్లలో ఉండని సంగతులు వాళ్లు చెబుతారు.

ప్రొద్దుటూరు అబ్బాయి – శనివారం

అందరికీ ధన్యవాదాలు. ఇంటర్వ్యూ అయింది.

31 పేపర్లనూ మీరు చెప్పినట్టు మళ్లీ చదివాను. 100 మందితో పోల్చినది ఒక్కటీ లేదు. 46 మంది ట్రోపోనిన్ నమూనాలను ఆసుపత్రి యంత్రంతో పోల్చినది ఒకటి ఉంది. ఆ పేపరును ఉదహరించినవారు 9 మందే. గ్రాఫీన్‌తో డోపమైన్ (మెదడులోని ఒక రసాయనం) పట్టుకున్న పేపరుకు 400 దాటింది. లెక్కల మనిషి గారూ, మీరు చెప్పిన అంకెతో ఇదే చిక్కు.

మేడమ్‌ను నేరుగా ఆ 46 గురించే అడిగాను. నమూనాలు ఎవరు తీశారని కూడా. పెరంబూరు సార్, జవాబు వెంటనే వచ్చింది! రెండు నెలలు తన విద్యార్థిని ఒకమ్మాయిని ఆసుపత్రి ల్యాబులోనే కూర్చోబెట్టారట, తీసిన గంటలోపే కొలిచారట. 46లో 7 తప్పాయి. ఏ 7, ఎందుకు తప్పాయి అన్నది పేపరులో ఒకే వాక్యం. ఆవిడ బీరువాలోంచి ఒక పచ్చ అట్ట రిజిస్టరు తీసి ఆ ఏడింటికీ పేజీలు చూపించారు. ఫెమ్టోమోలార్ పేపర్ల గురించి అడిగే ధైర్యం చేయలేదు. ఆవిడే అన్నారు: "వాటితో గ్రాంటు వస్తుంది, దీంతో నిద్ర పడుతుంది." మంచికి అన్నారో చెడుకు అన్నారో ఇంకా ఆలోచిస్తున్నాను.

తర్వాత ఆవిడ నన్నొక ప్రశ్న అడిగారు. నానోకణాలు చేసిన ఫ్లాస్కు గోడలకు బంగారం అంటుకుంటే ఎలా కడుగుతావు? ఇది పాఠంలో చదవక్కరలేదు, మా ఇంటి వెనక వసారాలోదే. మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్, ఒక పాలు నైట్రిక్ ఆమ్లం, కిటికీ తెరిచి, మూత బిగించకుండా అన్నాను. మూత బిగించకుండా అన్న మాటకు ఆవిడ తల ఎత్తి చూశారు. ఎమ్మెస్సీ మార్కుల గురించి ఇక ఎవరూ అడగలేదు.

సీటు వచ్చింది. పరీక్షల వల్ల ఆగినవారు కూడా ఉన్నారు కాబట్టి ఆగస్టులో చేరమన్నారు. ఆవిడ పాత విద్యార్థులు ఇద్దరికీ రాశాను, ఒకరు జవాబిచ్చారు. చేరమనే చెప్పారు, ఎండాకాలంలో ల్యాబులో ఏసీ పనిచేయదని హెచ్చరించారు.

నాన్నకు ఫోను చేశాను. గర్భ పట్టీ మీద గీత బంగారమంటే ఈసారి రాగి అనలేదు. ఒక ఫ్లాస్కులో ఎంత బంగారం పడుతుందని అడిగారు. 100 మిల్లీలీటర్ల ఎర్ర ద్రవానికి 5 మిల్లీగ్రాములు చాలు, 200 ఫ్లాస్కులు చేస్తే గానీ ఒక గ్రాము కాదన్నాను. కాసేపు మాట్లాడలేదు. "మరి ఆ కడిగిన నీళ్లు ఏం చేస్తారు?" వ్యర్థాల డబ్బాలో పోసి పంపించేస్తారన్నాను. మా వీధిలో అంగళ్ల ముందు కాలువ మట్టి కూడా కడిగి రేణువులు ఏరుకునేవాళ్లు ఉన్నారు. ఆయన ఫోను అమ్మకు ఇచ్చేశారు. వెనక నుంచి మాట వినిపిస్తూనే ఉంది: "ఆ డబ్బా ఎక్కడికి పంపుతారో కనుక్కోమను."